టూరింగ్ బైకు: ఇంటి గ్యారేజీలో చేసుకోగలిగే పనులు, చేయకూడని పనులు

ఇక్కడ డాలస్ చుట్టుపక్కల నాకు తెలిసిన మనవాళ్లలోనే ఇప్పుడు డజను మందికి పైగా టూరింగ్ బైకులు ఉన్నాయి. కాలేజీ రోజుల్లో హీరో హోండా మీదో, పల్సర్ మీదో తిరిగినవాళ్లు పిల్లలు కాస్త ఎదిగాక మళ్లీ హ్యాండిల్ పట్టుకుంటున్నారు. బండి కొనడం తేలికే. దాన్ని చూసుకోవడం దగ్గరే చిక్కు. మన ఊళ్లో అయితే వీధి చివర మెకానిక్ ఉంటాడు. ఏం శబ్దం వస్తోందో నోటితో చేసి చూపిస్తే చాలు, టీ తాగి వచ్చేలోపు సరిచేసి పెడతాడు. ఇక్కడ డీలర్ దగ్గర పని కూలీ గంటకు 100 డాలర్లు దాటిన చోట్లు చాలా ఉన్నాయి. ఎండాకాలం సీజన్‌లో రెండు, మూడు వారాల దాకా అపాయింట్‌మెంట్ దొరకదు.

డబ్బు సంగతి అలా ఉంచండి. పశ్చిమ టెక్సాస్‌లో బిగ్ బెండ్ వైపు వెళ్తే గంటల తరబడి ఫోన్ సిగ్నల్ ఉండని రోడ్లు ఉన్నాయి. వెనక సీట్లో ఇంటావిడ కూర్చుని ఉండగా అలాంటి చోట చైన్ తెగితే? టైరు పేలితే? అందుకే బండి పరిస్థితి మన కళ్లతో మనమే చూసుకోవడం మంచిదని నేను నమ్ముతాను. నేను మెకానిక్‌ని కాను, ఆఫీసు ఉద్యోగిని. నా బండి సుజుకి వీ-స్ట్రామ్ 650. కింద చెప్పే కొలతలు దానివి. మీది ఇంకో బండి అయితే పద్ధతి అదే, అంకెలు మాత్రం మీ మాన్యువల్‌లో చూసుకోండి.

ముందు చోటు, తర్వాత పనిముట్లు

అపార్ట్‌మెంట్‌లో ఉంటే లీజు కాగితాలు ఒకసారి చదవండి. పార్కింగ్‌లో వాహనాల రిపేరు చేయకూడదని చాలా చోట్ల రాసి ఉంటుంది. సొంత ఇల్లయినా కొన్ని కాలనీల హోమ్ ఓనర్స్ అసోసియేషన్లు డ్రైవ్‌వేలో రిపేర్లు ఒప్పుకోవు. గ్యారేజీ లోపల చేసుకుంటే సాధారణంగా గొడవ ఉండదు.

గ్యారేజీలో రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఒకటి, తలుపు మూసి ఇంజిన్ నడపడం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు, గోడకు అవతల ఉన్న బెడ్‌రూమ్‌లోకీ వెళ్తుంది. ఇంజిన్ నడపాల్సి వస్తే బండిని బయటికి తీయండి. రెండోది, గ్యాస్ వాటర్ హీటర్. ఇక్కడ చాలా ఇళ్లలో అది గ్యారేజీలోనే ఉంటుంది. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేలను పట్టుకుని పాకుతుంది. హీటర్ మంట దాకా చేరితే ఇక చెప్పేదేముంది? ట్యాంకు విప్పే పని ఏదైనా ఉంటే తలుపు తెరిచి, హీటర్‌కు దూరంగా చేయండి.

వీ-స్ట్రామ్ 650కి సెంటర్ స్టాండ్ చాలా మోడళ్లలో విడిగా కొనుక్కోవాలి. నా లెక్కలో టూరింగ్ బండికి మొదట కొనాల్సిన వస్తువు అదే. చైన్ పని, టైర్ల తనిఖీ, వెనక చక్రం విప్పడం అన్నీ దానితో తేలికవుతాయి. బండి బరువు 200 కిలోలు పైమాటే. జాకీ మీద ఊగుతున్న బండి పక్కన పిల్లల్ని నిలబెట్టకండి.

తర్వాత సాకెట్ సెట్, అలెన్ కీలు, మంచి ప్రెషర్ గేజ్, మల్టీమీటర్, టార్క్ రెంచ్. టార్క్ రెంచ్ అంటే నట్టు ఎంత బిగించాలో అంతకే బిగించే పనిముట్టు. నా బండి వెనక యాక్సిల్ నట్టు 100 న్యూటన్ మీటర్లకు బిగించాలి, ఆయిల్ డ్రెయిన్ బోల్టు అందులో ఐదో వంతు మాత్రమే. రెండిటికీ ఒకే చేతి బలం పెడితే ఒకటి వదులుగా ఉంటుంది, రెండోదాని మరలు పోతాయి. ఇంకో మాట. ఇక్కడి రెంచ్‌ల మీద కొన్నిటికి ఫుట్-పౌండ్లు, కొన్నిటికి ఇంచ్-పౌండ్లు ఉంటాయి. రెండిటికీ మధ్య 12 రెట్లు తేడా. ఏది చదువుతున్నామో చూసుకుని బిగించాలి.

వారంటీ పోతుందా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. మా మిత్రుడు ఒకరికి ఓ డీలర్ షాపులో "ఆయిల్ మీరే మార్చుకుంటే వారంటీ పోతుంది" అని గట్టిగా చెప్పారట. అది నిజం కాదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఫలానా చోటే సర్వీసు చేయించాలి, ఫలానా బ్రాండు విడిభాగాలే వాడాలి అని కంపెనీ వారంటీకి షరతు పెట్టకూడదు. అవి ఉచితంగా ఇస్తే వేరే సంగతి. ఇలాంటి షరతుల విషయంలోనే 2022లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ హార్లీ-డేవిడ్‌సన్ మీద చర్య తీసుకుంది కూడా.

అలాగని మన బాధ్యత లేకపోలేదు. మనం చేసిన పని వల్లే భాగం చెడిపోయిందని తేలితే ఆ రిపేరు ఖర్చు మనదే. అందుకని ఆయిల్, ఫిల్టరు కొన్న రసీదులు దాచండి. తేదీ, మైలేజీ, చేసిన పని ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఓడోమీటర్ ఫోటో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది. బండి అమ్మేటప్పుడు కూడా ఆ నోట్‌బుక్ చూసి కొనేవాళ్లకు నమ్మకం కలుగుతుంది.

ఇంకో చిన్న పని. బండి ఫ్రేమ్ మీద ఉన్న 17 అక్షరాల విన్ నంబరును జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. రీకాల్ ఏదైనా ఉంటే తెలుస్తుంది. ఆ పని డీలర్ ఉచితంగా చేస్తాడు. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు ఇది తప్పకుండా చూడాలి, ఎందుకంటే రీకాల్ ఉత్తరం పాత యజమాని అడ్రసుకే పోయి ఉండొచ్చు.

టైర్లు: గాళ్లు కాదు, తేదీ చూడండి

మా గ్రూపులో ఒకాయన ఆరు వేల మైళ్లు మాత్రమే తిరిగిన బండి కొన్నారు. టైర్ల గాళ్లు కొత్తవాటిలా ఉన్నాయి. భార్యను ఎక్కించుకుని హిల్ కంట్రీ వెళ్దామని అన్నీ సర్దుకున్నారు. అంతా కలిసి బండి చూస్తుండగా టైరు పక్కన డాట్ అక్షరాల చివర ఉన్న నాలుగు అంకెలు చదివాం. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ఉదాహరణకు 3519 అంటే 2019లో 35వ వారం అన్నమాట. ఆయన టైర్లకు తొమ్మిదేళ్లు నిండాయి. దగ్గరగా చూస్తే గాళ్ల అడుగున సన్నటి పగుళ్లు. ఆ ప్రయాణం రెండు వారాలు వాయిదా పడింది, అంతే. చూడకుండా వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం కూడా నాకిష్టం లేదు.

రబ్బరు వాడకపోయినా ముదురుతుంది. టెక్సాస్ ఎండలో ఇంకా త్వరగా ముదురుతుంది. ఐదేళ్లు దాటాక ఏటా నిపుణుడికి చూపించాలని, బాగానే కనిపించినా పదేళ్లకు తీసేయాలని టైర్ల కంపెనీలే చెబుతున్నాయి. గాళ్ల లోతు విషయంలో సుజుకి చెప్పేది ముందు టైరుకు కనీసం 1.6 మిల్లీమీటర్లు, వెనక టైరుకు 2 మిల్లీమీటర్లు.

గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే, పొద్దున్నే చూడాలి. నా బండికి ముందు 33, వెనక ఒక్కరే ఉంటే 36, ఇద్దరుంటే 41 పీఎస్‌ఐ. బయటి వేడి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే దాదాపు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. అక్టోబరులో ఇక్కడ ఒక్క రాత్రిలో 30 డిగ్రీలు పడిపోవడం మామూలే. అంటే ఎవరూ ముట్టుకోకుండానే 3 పీఎస్‌ఐ పోయిందన్నమాట.

చైన్: పది నిమిషాల పని, వేల మైళ్ల ఆయుష్షు

చైన్‌ను శుభ్రం చేసి ఆయిల్ వేయడం దాదాపు ప్రతి 500 మైళ్లకు, వానలో తడిస్తే ఆ సాయంత్రమే చేయాలి. ఇప్పటి చైన్లలో లింకుల మధ్య చిన్న రబ్బరు రింగులు ఉంటాయి. లోపలి గ్రీజును కాపాడేవి అవే. అందుకని పెట్రోల్‌తో, వైరు బ్రష్‌తో రుద్దకూడదు. కిరోసిన్, మెత్తటి బ్రష్ చాలు. మన ఊళ్లో రేషన్ షాపులో క్యూ కట్టి తెచ్చుకున్న ఆ కిరోసినే ఇక్కడ హార్డ్‌వేర్ షాపుల్లో డబ్బాల్లో దొరుకుతుంది. తుడిచి ఆరనిచ్చి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ చైన్ లోపలి వైపు లూబ్ వేయండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంజిన్ ఆన్ చేసి, గేర్‌లో వేసి, చక్రం తిరుగుతుండగా గుడ్డతో చైన్ తుడిచే వీడియోలు కనిపిస్తుంటాయి. దయచేసి అలా చేయకండి. గుడ్డ చైన్‌లో పడితే వేలు కూడా దానితో పాటే స్ప్రాకెట్‌లోకి వెళ్తుంది. తెగిన వేళ్ల కథలు బైకు లోకంలో చాలానే ఉన్నాయి.

చైన్ వదులు నా బండికి 20 నుంచి 30 మిల్లీమీటర్లు. చక్రాన్ని తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవాలి, ఎక్కడ బిగువుగా ఉందో అక్కడి లెక్కే లెక్క. చాలామంది బిగువుగా ఉంటే మంచిదనుకుంటారు. నిజానికి అతి బిగువే ఎక్కువ చెరుపు. మనిషి, సామాను ఎక్కి సస్పెన్షన్ కిందికి దిగినప్పుడు చైన్ ఇంకా బిగుసుకుంటుంది. ఆ లాగుడంతా గేర్‌బాక్స్ బేరింగ్ మీద పడుతుంది. అరుగుదల తెలియాలంటే చైన్‌ను లాగిపట్టి 21 పిన్నుల మధ్య దూరం కొలవండి. 319.4 మిల్లీమీటర్లు దాటితే మార్చాల్సిందే. మార్చేటప్పుడు రెండు స్ప్రాకెట్లూ కలిపి మార్చండి. పాత పళ్ల మీద కొత్త చైన్ ఎక్కువ కాలం ఉండదు.

ఆయిల్, బ్రేకులు, వాల్వులు

కారులో ఇంజిన్ ఆయిల్ ఇంజిన్‌కే పనిచేస్తుంది. మన బైకుల్లో చాలావాటికి అదే ఆయిల్ క్లచ్‌కు, గేర్లకు కూడా. కార్ల కోసం చేసిన కొన్ని పల్చటి ఆయిళ్లలో ఇంధనం ఆదా కోసం జారుడు పెంచే పదార్థాలు కలుపుతారు. అవి పడితే క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూసి కొనండి. పాత ఆయిల్‌ను కాలువలో పోయడం నేరం. ఆటోజోన్, ఓరైలీ వంటి విడిభాగాల షాపుల్లో ఉచితంగా తీసుకుంటారు.

బ్రేక్ ఫ్లూయిడ్‌ను రెండేళ్లకోసారి మార్చాలి. ఎందుకంటే అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. నిండు సామానుతో, ఇద్దరు మనుషులతో ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకులు వరసగా వాడితే ఆ వేడి రావడం కష్టం కాదు. ఫ్లూయిడ్ మరిగితే పైపులో ఆవిరి బుడగలు పుడతాయి, లీవర్ హ్యాండిల్‌ను తాకుతుంది, బండి మాత్రం ఆగదు. కొత్త సీసానే వాడండి, తెరిచి దాచిన సీసా వద్దు. డాట్ 5 అనేది సిలికాన్ రకం, దాన్ని డాట్ 4తో కలపకూడదు. ఫ్లూయిడ్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేదంటే రంగు లేచిపోతుంది.

బ్రేక్ ప్యాడ్లు మార్చడం ఇంట్లో చేయదగ్గ పనే. అయితే పని అయ్యాక బండి కదిలించే ముందు లీవర్‌ను గట్టిపడేదాకా నొక్కాలి. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటాయి కాబట్టి మొదటి నొక్కుకు బ్రేక్ పడదు. మొదటిసారి చేస్తున్నవాళ్లు తెలిసిన మనిషిని పక్కన పెట్టుకోండి.

వాల్వ్ క్లియరెన్స్ గురించి అర్థం చేసుకుంటే చాలు, మీరే చేయనక్కర్లేదు. నా బండికి 24,000 కిలోమీటర్లకు, అంటే దాదాపు 15,000 మైళ్లకు ఒకసారి చూడాలి. చల్లటి ఇంజిన్ మీద ఇన్‌టేక్ వాల్వులకు 0.10 నుంచి 0.20, ఎగ్జాస్ట్ వాల్వులకు 0.20 నుంచి 0.30 మిల్లీమీటర్ల సందు ఉండాలి. "శబ్దమేమీ లేదు కదా" అని వాయిదా వేస్తుంటారు. సందు ఎక్కువైతేనే టకటక శబ్దం వస్తుంది. తగ్గితే నిశ్శబ్దంగానే ఉంటుంది, కానీ వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. శబ్దం లేని రోగమే ఇక్కడ ప్రమాదకరం.

కరెంటు లెక్క: ఇంట్లో బడ్జెట్ లాంటిదే

అప్‌గ్రేడ్ల మోజు ఎక్కువగా కరెంటు వస్తువులతోనే మొదలవుతుంది. ముందు ఆదాయం ఎంతో చూడాలి. బండి ఆల్టర్నేటర్ 375 వాట్లు ఇస్తుందనుకుందాం. హెడ్‌లైట్లు, ఫ్యూయల్ పంపు, ఇంజిన్ కంప్యూటర్ కలిపి 230 వాట్లు తింటే మిగిలేది 145. ఇప్పుడు ఖర్చు రాయండి. వేడి జాకెట్ ఒకటి 90, వేడి గ్రిప్పులు 35, అదనపు లైట్లు 40, ఫోన్ చార్జరు 18. మొత్తం 183. జీతం కన్నా ఖర్చు ఎక్కువైంది, తేడా బ్యాటరీ అప్పు ఇస్తుంది. ఆ అప్పు ఎక్కడో కొండ మీద, చలిలో, బండి మళ్లీ స్టార్ట్ చేయబోయేటప్పుడు బయటపడుతుంది. పైగా ఆ 375 కూడా ఇంజిన్ వేగంగా తిరిగినప్పుడే వస్తాయి, ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు అంత రావు.

కొత్తగా ఏది బిగించినా ఫ్యూజ్‌ను బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టండి. ఫ్యూజ్ కాపాడేది వైరును. దూరంగా పెడితే మధ్యలో ఒరుసుకున్న వైరుకు రక్షణ ఉండదు. తాళం తీస్తే ఆగిపోయేలా రిలే వాడండి. ఫోన్‌కు కుదుపు తగ్గించే మౌంట్ కొనండి. శక్తిమంతమైన మోటార్‌సైకిల్ ఇంజిన్ల కుదుపు ఐఫోన్ కెమెరాలను పాడుచేయవచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. ఇక హాలోజెన్ హెడ్‌లైట్‌లో ఎల్‌ఈడీ బల్బు దూర్చడం నేను సిఫార్సు చేయను. ఆ అద్దం దాని కోసం చేసింది కాదు, ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది.

ఏ అప్‌గ్రేడ్ ముందు?

నా వరస ఇది. మొదట మనిషి: మంచి హెల్మెట్, జాకెట్, గ్లవ్స్, బూట్లు, వెనక కూర్చునేవాళ్లకు కూడా. తర్వాత టైర్లు, బ్రేకులు. ఆ తర్వాత సస్పెన్షన్. సైలెన్సర్, స్టిక్కర్లు అన్నిటికన్నా చివర.

సస్పెన్షన్‌లో పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్ ఒకటుంది. వెనక చక్రం గాల్లో ఉన్నప్పుడు యాక్సిల్ నుంచి సీటు కింద ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత మీరు పూర్తి గేర్‌తో కూర్చుని, ఇంకొకరితో మళ్లీ కొలిపించండి. ఆ తేడా మొత్తం ప్రయాణంలో మూడో వంతు దగ్గర, అంటే 45 నుంచి 50 మిల్లీమీటర్లు ఉంటే సరి. వీ-స్ట్రామ్‌కు పక్కన ఒక గుండ్రటి నాబ్ ఉంటుంది. దాన్ని తిప్పి సర్దుకోవచ్చు. ఇద్దరు ఎక్కినప్పుడు పెంచకపోతే వెనక కూర్చుండిపోయి, ముందు తేలికై, హెడ్‌లైట్ చెట్ల కొమ్మల్ని చూపిస్తుంది. నాబ్ చివరిదాకా తిప్పినా చాలకపోతే అప్పుడు మీ బరువుకు తగ్గ స్ప్రింగు కొనండి.

పెట్టెలు కొనేముందు బరువు లెక్క చూసుకోండి. బండి మొత్తం ఎంత బరువు మోయగలదో ఫ్రేమ్ మీద లేబుల్ చెబుతుంది. అందులోంచి బండి సొంత బరువు తీసేస్తే నాకు మిగిలేది దాదాపు 200 కిలోలు. గేర్‌తో నేను 85, మా ఆవిడ 65 అనుకుంటే 150 అయిపోయింది. మిగిలిన 50లో క్రాష్ బార్లు, ఇనుప పెట్టెలు, వాటి ఫ్రేములు సగం దాకా తినేస్తాయి. ఇక ఆవకాయ జాడీకి చోటు ఎక్కడ? బరువైనవి పక్క పెట్టెల అడుగున, రెండువైపులా సమంగా పెట్టండి. వెనక పైపెట్టెలో దుప్పట్లు, వానకోట్ల వంటి తేలికైనవే ఉండాలి. దాని హద్దు లోపల స్టిక్కరు మీద రాసి ఉంటుంది, మనం అనుకునేదానికన్నా చాలా తక్కువ.

బయటివాళ్లకు వదిలేయాల్సినవి

రిమ్ మీదికి టైరు ఎక్కించడం, ఏబీఎస్ యూనిట్ లోపలి పనులు, ఫ్రేమ్ వంకర, ఇంజిన్ లోపలి పనులు నేను ముట్టుకోను. చక్రం మాత్రం ఇంట్లోనే విప్పి షాపుకు తీసుకెళ్తే కూలీ బాగా తగ్గుతుంది. మంచి స్వతంత్ర మెకానిక్ ఒకరిని వెతికి పెట్టుకోండి. ఏ పని మనది, ఏది ఆయనది అన్నది ముందే తెలిసి ఉంటే సందేహం వచ్చినప్పుడు మొహమాటం లేకుండా అడగొచ్చు.

చివరిగా ఒక పద్ధతి. దూరప్రయాణం పెట్టుకుంటే బండి పనులన్నీ కనీసం రెండు వారాల ముందే ముగించండి, బయల్దేరే ముందు రాత్రి వద్దు. ఆ మధ్యలో ఊరి చుట్టూ వంద మైళ్లు తిరగండి. తిరిగొచ్చి మీరు విప్పిన ప్రతి బోల్టు మీద రెంచ్ పెట్టి చూడండి, కింద ఎక్కడైనా తడి ఉందేమో టార్చి వేసి చూడండి, టైర్లలో గాలి మళ్లీ కొలవండి. అవన్నీ సరిగ్గా ఉన్నాకే ఇంట్లోవాళ్లతో "శనివారం పొద్దున ఆరింటికి బయల్దేరుదాం" అనండి.